తిరుగు దిక్కులు, మారు వేగములు: ధ్రువ నిరూపకములలో త్వరణము

గతిశాస్త్రము నభ్యసించు విద్యార్థికి కళాశాలలో అడుగిడిన కొలదికాలములోనే యొక సూత్రము ఎదురగును. దానిని అతడు కంఠస్థము చేయును, పరీక్షలో వ్రాయును, మార్కులు పొందును. కాని అందలి యొక్కొక్క పదము ఎందుల కట్లున్నదని యడిగినచో, అవకలనము చేయగా అట్లు వచ్చినదని తప్ప మరియొక సమాధానము చెప్పజాలడు. సమతలముపై చలించు బిందువు స్థానమును తూర్పునకు ఇంత, ఉత్తరమునకు ఇంత యని చెప్పుటకు బదులు, ఒక మూలబిందువునుండి ఇంత దూరమున, ఒక స్థిరరేఖనుండి ఇంత కోణమున నున్నదని చెప్పుటయే ధ్రువ నిరూపక పద్ధతి. ఈ పద్ధతిలో త్వరణము రెండు దిశలుగా విడివడి, ఒక్కొక్క దిశయందు రెండేసి పదములతో గానవచ్చును. వ్యాసార్ధ దిశలో, దూరము పెరుగు వడి యొక్క మార్పురేటునుండి, దూరమును కోణీయవేగ వర్గముచే గుణించిన లబ్ధమును తీసివేయవలెను. దానికి లంబమగు తిర్యగ్దిశలో, దూరమును కోణీయ త్వరణముచే గుణించిన లబ్ధమునకు, వ్యాసార్ధవేగ కోణీయవేగముల లబ్ధమును రెట్టించి కలుపవలెను. కార్టీసియన్ నిరూపకములలో నిట్టి జంజాటమే లేదు. అచ్చట ఒక్కొక్క నిరూపకమును రెండుమారులు అవకలించిన చాలును. మరి ఇచ్చట ఆ తీసివేత యెక్కడిది? ఆ రెట్టింపు ఎక్కడిది? మూడు శతాబ్దములకు పైగా గణితజ్ఞులును, ఖగోళజ్ఞులును, వాయుమండలమును పరిశీలించినవారును ఈ రెండు ప్రశ్నలకు పలువిధముల సమాధానములు చెప్పియున్నారు. వానిలో కొన్ని సంపూర్ణములు, కొన్ని అర్ధసత్యములు. అర్ధసత్యములని నేననుట అలంకారముగా కాదు. అవి నిజముగనే లెక్కకు సరిగా సగము ఫలమును మాత్రమే యిచ్చునవి.

మొదట మూలవిషయము. వేగమనునది పరిమాణమును, దిశయు గల సదిశరాశి. కావున అది మారుట రెండు విధములు: నిడివి మారవచ్చును, దిక్కు మారవచ్చును. కార్టీసియన్ పద్ధతిలో తూర్పు ఎల్లప్పుడును తూర్పే, ఉత్తరము ఎల్లప్పుడును ఉత్తరమే. అక్షములు కదలవు గనుక ఒక్కొక్క అంశమునకు నిడివి మారుటయే తప్ప దిక్కు మారుట యుండదు. ధ్రువ నిరూపకములలో "బయటికి" అను దిశయు, "అడ్డముగా" అను దిశయు ఆ చలించు బిందువుతోనే తిరుగుచుండును. కావున వ్యాసార్ధవేగము నిడివియందు మారును, దిక్కునందును మారును, తిర్యగ్వేగమును అంతే. పైగా తిర్యగ్వేగపు నిడివి దూరమునకును కోణీయవేగమునకును లబ్ధమై యున్నందున, దూరము మారినను అది మారును, కోణీయవేగము మారినను మారును. ఈ విధముగ లెక్కించినచో కారణములు ఐదు. సూత్రములో పదములు నాలుగే. ఐదింటిలో రెండు, పుట్టుక వేరైనను, పరిమాణమునందును దిశయందును సరిసమానములై ఒకదానిలో నొకటి కలిసిపోవుటచే ఆ "రెండు" అను గుణకము కలిగినది. సూత్రమును నేర్చినవాడు దానిని అర్థము చేసికొన్నాడో లేదో తెలిసికొనదలచినచో, ఈ రెండు సగములను విడదీసి చూపుమని యడిగిన చాలునని నా యభిప్రాయము.

కుమ్మరిసారె నొకదానిని ఊహింపుడు. అది సెకనుకు 2 రేడియన్ల చొప్పున, అనగా ఇంచుమించు 3 సెకనుల కొక చుట్టు చొప్పున, నిలకడగా తిరుగుచున్నది. కేంద్రమునుండి అంచువరకు దానిపై గీచిన తిన్నని గీతవెంబడి ఒక చీమ సెకనుకు 3 సెంటీమీటర్ల వడితో బయటికి నడచుచు, ప్రస్తుతము కేంద్రమునకు 10 సెంటీమీటర్ల దూరమున నున్నది. నేలపై నిలిచి చూచువానికి ఈ చీమ బయటికి సెకనుకు 3 సెంటీమీటర్లును, అడ్డముగా సెకనుకు 20 సెంటీమీటర్లును పోవుచున్నది. సెకనులో పదవవంతు గడచునప్పటికి సారె 0.2 రేడియను తిరుగును, చీమ 0.3 సెంటీమీటరు బయటికి జరుగును. ఇప్పుడు మార్పులను స్థూలముగా నొక్కొక్కటే యెంచవచ్చును. కేంద్రమునుండి దూరము 10.3 సెంటీమీటర్లయినందున అడ్డపువడి 20 నుండి 20.6కు పెరిగినది, ఇది 0.6. బయటికి చూచుచున్న 3 సెంటీమీటర్ల వేగబాణము 0.2 రేడియను తిరిగినందున దాని కొన తిరుగుచున్న వైపునకు, అనగా మొదటి అడ్డదిశలోనికి, 0.6 మేర మ్రొగ్గినది. ఇది మరియొక 0.6. రెండును కలిసి 1.2, పదవవంతు సెకనులో వచ్చిన మార్పు గనుక రేటు 12. సూత్రము చెప్పునదియు నదియే: 3ను 2చే గుణించి, రెట్టింపు చేయుట. మొదటి సగము, చీమ వడిగల చోటికి పోవుటవలన కలిగినది. రెండవ సగము, చీమ నడచు దారియే తిరుగుటవలన కలిగినది. మొదటిదానియందు మారినది అడ్డపువేగపు నిడివి, రెండవదానియందు మారినది బయటివేగపు దిక్కు. వీనికి ఒకదానితో నొకటికి చుట్టరికము లేదు. కాని దూరపు మార్పురేటును తిరుగు రేటును రెండింటను గుణకములే యగుటచే వాని విలువలు తప్పక సమానములగును.

తీసివేత సంగతియు ఈ సారెమీదనే తేలును. అడ్డముగా చూచు 20 సెంటీమీటర్ల వేగబాణమును, తిరుగుచున్న వైపునకే 0.2 రేడియను త్రిప్పినచో, దాని కొన కేంద్రమువైపునకు 4 సెంటీమీటర్ల మేర మ్రొగ్గును. పదవవంతు సెకనులో 4, సెకనుకు 40. దూరమగు 10ని కోణీయవేగ వర్గమగు 4చే గుణించిన లబ్ధమిదియే. ఋణచిహ్నమునకు అర్థము ఇంతమాత్రమే: బయటికి చూచు బాణమును త్రిప్పిన అది అడ్డమునకు వ్రాలును, అడ్డముగా చూచు బాణమును త్రిప్పిన అది లోపలికి వ్రాలును. ఇందు బలముల ప్రసక్తి లేదు. జ్యామితి మాత్రమే కలదు. చీమను అట్లు త్రిప్పి పట్టుకొనునది దాని కాళ్ళకును మట్టికిని నడుమనున్న ఘర్షణ యనునది తరువాతి మాట.

చరిత్రలో నీ తీసివేయవలసిన పదమే ముందు తెలియవచ్చినది. వృత్తమున సమవడితో తిరుగు వస్తువునకు గల అపకేంద్ర ప్రవృత్తిని హాలండు దేశీయుడగు క్రిస్టియన్ హైగెన్స్ 1659లోనే కనుగొని, 1673లో ప్రకటించిన లోలక గడియారముల గ్రంథము చివర ఉపపత్తులు లేకుండ సిద్ధాంతములను మాత్రము చేర్చెను. ఉపపత్తులు ఆయన మరణానంతరము 1703లో గాని వెలువడలేదు. కాని హైగెన్స్ ఎరిగినది వృత్తము. అందు దూరము మారదు. దూరమును కోణమును రెండును మారు గమనమును మొదట సమగ్రముగ పరిశీలింపవలసి వచ్చినది గ్రహములకొరకు. 1689లో లైబ్నిట్స్ గ్రహచలన కారణములను గురించి ప్రకటించిన వ్యాసమునందు, సూర్యునినుండి గ్రహపు దూరము మారు తీరును సూర్యాకర్షణమునకును అపకేంద్ర ప్రవృత్తికిని గల వ్యత్యాసముగా భావించెను. నేటి పుస్తకములలో వ్యాసార్ధ సమీకరణమని వ్రాయబడునది దాదాపు ఇదియే. అయితే అపకేంద్ర ప్రవృత్తి పరిమాణము విషయమున ఆయనకును రెండు రెట్ల తేడా దొర్లినది. గణితజ్ఞుడగు వారిగ్నోన్ దానిని ఎత్తిచూపిన పిమ్మట 1706లో ఆయన సవరించుకొనెను. అవకలన గణితమును నిర్మించిన యిద్దరిలో నొకడైనవాడే ఇచ్చట తడబడెననిన, నేటి విద్యార్థి సిగ్గుపడవలసిన పని లేదు.

న్యూటను త్రోవ వేరు. 1687 నాటి ప్రిన్సిపియా గ్రంథపు మొదటి సంపుటములో మొదటి ప్రతిపాదనమే, కేంద్రమువైపునకు మాత్రమే బలము పనిచేయునప్పుడు సమకాలములలో సమవైశాల్యములు గడచునని చెప్పుచున్నది. కెప్లరు 1609లో అంగారకుని విషయమున కనుగొన్న నియమమునకు ఇదియే కారణము. ఆ ఉపపత్తియందలి మొదటి మెట్టు మిక్కిలి సుందరమైనది: ఏ బలమును లేక సరళరేఖపై సమవడితో పోవు వస్తువు సైతము, ఆ రేఖపై లేని ఏ బిందువునుండి చూచినను సమకాలములలో సమవైశాల్యములనే గడచును, ఏలననగా ఆ త్రిభుజముల భూములు సమానములు, ఉన్నతి యొక్కటే.

మన సూత్రమునకు ఇంతకన్న గట్టి పరీక్ష లేదని నేను తలంతును. సరళరేఖపై సమవడితో పోవుదానికి త్వరణము శూన్యము. ఇందు ఎవ్వరికిని సందేహములేదు. అట్టిదానిని ధ్రువ నిరూపకములలో వ్రాసినచో నాలుగు పదములలో ఏదియు శూన్యము కాదు, మొత్తము మాత్రము శూన్యము కావలెను. ఒక బంతి సెకనుకు 5 మీటర్ల వడితో సూటిగా పోవుచున్నది. దాని మార్గము మూలబిందువునకు 3 మీటర్ల దూరముగా సాగుచున్నది. ఆ దగ్గరిచోటు దాటి 4 మీటర్లు పోయినపుడు మూలబిందువునుండి దాని దూరము సరిగా 5 మీటర్లు. అప్పుడు వ్యాసార్ధవేగము సెకనుకు 4 మీటర్లు, తిర్యగ్వేగము 3 మీటర్లు, కోణీయవేగము 0.6 రేడియను. దూరము పెరుగు వడి తానును పెరుగుచునే యున్నది. లెక్కింపగా ఆ పెరుగుదల రేటు 1.8. దూరమును కోణీయవేగ వర్గముచే గుణించినను 1.8. ఒకదానినుండి ఒకటి తీసివేయగా శూన్యము. తిర్యగ్దిశ ఇంకను రుచికరము. బంతి దూరమగుచున్న కొలది దాని అడ్డపువేగము తగ్గిపోవుచున్నది. ఆ తగ్గుదల రేటు 2.4. బయటివేగపు బాణము తిరుగుటవలన అడ్డదిశలో వచ్చి చేరునది 4ను 0.6చే గుణింపగా 2.4. ఒకటి పోయినంత మరియొకటి వచ్చుచున్నది. వస్తువునకు ఏ బలమును తగులలేదు, దాని వేగము రవంతయు మారలేదు. మారినదంతయు మనము దానిని రెండు ముక్కలుగా పంచుకొను తీరే. దూరము త్వరితగతిని పెరుగుచుండుటను మాత్రమే చూచి, బంతిని బయటికి నెట్టు బలమేదో యున్నదనుకొనువాడు, అపకేంద్రబలమను పేర జనులు పడు భ్రాంతినే పడుచున్నాడు.

దూరపు రెండవ అవకలజము, వ్యాసార్ధ దిశలోని త్వరణము, ఈ రెండును ఒకటి కావని పాఠ్యపుస్తకములు గట్టిగా చెప్పవు. చెప్పవలసినది మొట్టమొదట నిదియే. వృత్తమున పోవుదానికి మొదటిది శూన్యము, రెండవది శూన్యము కాదు. మన బంతికి రెండవది శూన్యము, మొదటిది కాదు.

ఇక అర్ధసత్యముల మాట. 1735లో జార్జి హాడ్లీ అను ఇంగ్లీషు న్యాయవాది వ్యాపారపవనముల కారణమును వివరించెను. భూమధ్యరేఖవద్ద నేల సెకనుకు సుమారు 465 మీటర్ల వడితో తూర్పునకు పోవుచున్నది. 30 డిగ్రీల అక్షాంశమువద్ద ఆ వడి 403 మీటర్లే. కావున అచ్చటినుండి భూమధ్యరేఖకు వచ్చిన గాలి తన పాత వడినే నిలుపుకొని నేలకంటె వెనుకబడును, అనగా తూర్పునుండి వీచుచున్నట్లు తోచును. ఆలోచన చక్కనిది, దిశయు సరియైనదే. కాని నిలుచునది వడి కాదు, కోణీయ ద్రవ్యవేగము; అక్షమునుండి దూరము పెరిగినకొలది వడి అదే నిష్పత్తిలో తగ్గవలెను. అట్లు లెక్కించినచో ఆ గాలి వడి భూమధ్యరేఖవద్ద 349 మీటర్లకు పడిపోవును. హాడ్లీ లెక్కన గాలి నేలకంటె సెకనుకు 62 మీటర్లు వెనుకబడవలెను. నిజపు లెక్కన 116, ఇంచుమించు రెట్టింపు. వాస్తవమున గాలికి నేలతోడి ఘర్షణ ముకుతాడు వేయుటచే ఇంతటి పవనములు వీచవన్నది వేరుమాట. హాడ్లీ చూచినది మన చీమకు తగిలిన మొదటి సగమును: నేల వడి చోటునుబట్టి మారుటను. తూర్పుదిక్కే తిరుగుచుండుటవలన కలుగు రెండవ సగము ఆయన దృష్టికి రాలేదు. నేటికిని ఎన్నో పుస్తకములు ఈ సగము వివరణమునే పూర్ణవివరణముగా బోధించుచున్నవి.

గోపురముమీదినుండి జారవిడిచిన రాయి తూర్పునకు తొలగి పడుట ఇట్టిదే మరియొక కథ. 1679లో హుక్కునకు వ్రాసిన లేఖలో న్యూటను దీనిని భూభ్రమణమునకు నిదర్శనముగా సూచించెను. 1831లో ఫెర్డినాండ్ రైఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రైబర్గు గనియందు 158 మీటర్ల లోతునకు గుండ్లను జారవిడిచి కొలువగా సుమారు 28 మిల్లీమీటర్ల తొలగుదల కనబడినది. గోపురపు కొన నేలకంటె ఎక్కువ వడితో తూర్పునకు పోవుచున్నది గనుక రాయి ముందుకు పోయి పడునను సామాన్య వివరణమును లెక్కకు దింపినచో, ఆ లోతునకు 41 మిల్లీమీటర్లు రావలెను. రైఖ్ కొలత దానిలో మూడింట రెండు వంతులే. ఇచ్చట లోపించినది, రాయి తూర్పునకు జరిగినకొలది దాని దృష్ట్యా భూకేంద్రపు దిక్కును మారుటయే. గురుత్వాకర్షణము రవంత వెనుకకు, పడమరకు, లాగుచుండును. హాడ్లీ తక్కువగా లెక్కించిన దోషము, ఇచ్చట ఎక్కువగా లెక్కించిన దోషము, రెండింటి మూలము నొకటే: తిరుగు దిక్కును తిరుగనట్లు భావించుట.

ఈ సూత్రమును సాధించు మార్గములలో పాఠ్యపుస్తకములకు ప్రియమైనది యూనిట్ సదిశల పద్ధతి. బయటికి చూచు యూనిట్ సదిశ అడ్డపు సదిశగాను, అడ్డపు సదిశ లోపలికి చూచు సదిశగాను మారుచుండునని ముందు నిరూపించి, ఆపై అవకలించుట. మనము సారెమీద చేసినదానికి ఇది సరియైన గణితరూపమే. కాని అయిదు పదములను వ్రాసిన మరుక్షణమే సమానములగు రెంటిని కలిపివేసి ముందుకు సాగుదురు గనుక విద్యార్థి కంటబడవలసినది కంటబడక పోవును. ఆ కలిపివేయుటను ఒక్క పేరా ఆలస్యము చేసినచో ఎంత మేలు!

సంకీర్ణ సంఖ్యల మార్గము ఇంతకంటె సొగసైనది. ఆయిలరు 1748లో ప్రకటించిన సంబంధమునుబట్టి, స్థానమును ఒక దూరమునకును ఒక భ్రమణమునకును లబ్ధముగా వ్రాయవచ్చును. అప్పుడు అవకలించుట యనగా, దూరమును అవకలించి, దానికి కోణీయవేగముచే గుణించి లంబకోణము త్రిప్పిన దూరమును కలుపుట. ఈ క్రియనే రెండుమారులు చేయవలెను. రెండు రాశుల మొత్తమును వర్గము చేసినచో ఒకటి, రెండు, ఒకటి యను గుణకములు వచ్చునని బడిపిల్లలకును తెలియును. ఆ నడిమి రెండే మన రెండు. లంబకోణము రెండుమారులు త్రిప్పినచో దిక్కు ఎదురగును. అదియే మన ఋణచిహ్నము. కోణీయవేగము మారుచున్నపుడు దాని మార్పునకు సంబంధించిన నాలుగవ పదము వేరుగా వచ్చి చేరును. ఒక్క పంక్తిలో ఇంత చెప్పు మార్గము మరియొకటి నేనెరుగను.

లాగ్రాంజి 1788లో చూపిన శక్తిమార్గమున ఫలితము అనాయాసముగ లభించును. చలనశక్తిలో దూరపు వర్గము ఉన్నందున దానిని అవకలింపగా రెండు తానే దిగివచ్చును. కఠిన సమస్యలకు ఇది ఘనమైన యాయుధము, స్ఫురణకు మాత్రము ఇది చేయు సాయము స్వల్పము. కోణీయ ద్రవ్యవేగ మార్గము ఈ రెండింటికి నడుమ నున్నది. తిర్యక్త్వరణపు రెండు పదములను కలిపి చూచినచో, అది దూరపు వర్గమును కోణీయవేగముచే గుణించిన రాశి యొక్క మార్పురేటును దూరముచే భాగించినదే. కేంద్రమువైపునకు తప్ప వేరు బలము లేనపుడు ఆ రాశి మారదు. న్యూటను వైశాల్యములు మరల ఇచ్చట ప్రత్యక్షమగును.

తిరుగు చట్రముతో మొదలిడు వివరణమును గురించి నాకు కొంత ఫిర్యాదు కలదు. గాస్పార్ కొరియాలిస్ 1835లో యంత్రములలోని సాపేక్ష చలనమును పరిశీలించుచు, తిరుగు చట్రములో కూర్చుండి లెక్కించువాడు అపకేంద్రబలమునకు తోడు మరియొక బలమును కూడ చేర్చుకొనవలెనని చూపి, దానికి సంయుక్త అపకేంద్రబలమని పేరిడెను. లాప్లాసు అంతకు అర్ధశతాబ్దము ముందే సముద్రపు పోటుపాటుల సమీకరణములలో తత్సమానమగు పదములను వ్రాసియుండెను. ఈ బలములు మిథ్యాబలములు. చట్రము తిరుగుట మానినచో అవియు మాయమగును. సూత్రములోని త్వరణపదములను సమీకరణపు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు మార్చి, చిహ్నము తిప్పి, బలములని పిలిచినందున అవి పుట్టినవి. లోపలికి గల త్వరణము బయటికి నెట్టు బలమైనది; ముందుకు గల త్వరణము వెనుకకు లాగు బలమైనది. ఈ తిరుగవేత తెలియనివానికి రెండు భాషలు కలగాపులగమై, లోపలికో బయటికో తేల్చుకొనలేని స్థితి దాపురించును. కనుక నేలపై నిలిచి త్వరణమును చూచుట ముందును, సారెపై కూర్చుండి బలమును తలచుట పిమ్మటను ఉండవలెను.

అట్లని ఆ రెండవ దృష్టి నిరర్థకమని కాదు. గ్రహము సూర్యునిలో ఎందుకు పడిపోదను ప్రశ్నకు అంతకంటె సుగమమగు సమాధానము లేదు. కోణీయ ద్రవ్యవేగము మారదు గనుక దూరము సగమైనచో కోణీయవేగము నాలుగింతలగును. దూరమును కోణీయవేగ వర్గముచే గుణించిన పదము ఎనిమిదింతలగును. సూర్యాకర్షణము నాలుగింతలే యగును. ఎంత దగ్గరకు వచ్చినను తుదకు ఎనిమిదే నాలుగును జయించును; దూరము తగ్గుట ఆగి, పెరుగుట మొదలగును. హేలీ తోకచుక్క సూర్యునికి మిక్కిలి దగ్గరైనపుడు భూమిసూర్యుల మధ్యదూరములో సుమారు 0.59 వంతునను, దూరమైనపుడు సుమారు 35 రెట్లునను ఉండును. దూరములలో నున్న అరువది రెట్ల భేదమే ఆ రెండుచోట్లను దాని వడులలోను తిరుగవేసి కానవచ్చును. దగ్గర సెకనుకు 54 కిలోమీటర్లకు పైగా పరుగెత్తునది దూరమున ఒక్క కిలోమీటరైనను పోదు.

గ్రహములను విడిచి మన తీరమునకు వచ్చినచో, 1864లో బందరును, 1977లో దివిసీమను ముంచెత్తిన తుపానుల సుడిలోను ఈ పదములే పనిచేసినవి. 16 డిగ్రీల అక్షాంశమువద్ద, నేలయే నిలువుటక్షముచుట్టు సెకనుకు 0.00002 రేడియను చొప్పున తిరుగుచున్నది. తుపాను కేంద్రమునకు 300 కిలోమీటర్ల దూరమున కదలక నిలిచియున్నట్లు మనకు తోచు గాలికి ఈ భ్రమణమువలననే, అంతరిక్షమునుండి చూచువానికి, కేంద్రముచుట్టు సెకనుకు 6 మీటర్ల అడ్డపువేగము కలదు. అల్పపీడనము ఆ గాలిని 30 కిలోమీటర్ల దగ్గరకు లాగినచో దూరము పదవవంతగును, వేగము పదింతలగును. నేల తన వంతుగా తిరుగునది మినహాయించినను సెకనుకు దాదాపు 60 మీటర్లు, గంటకు 215 కిలోమీటర్లు. సముద్రపు ఘర్షణ ఇందులో కొంత హరించును. ఈ గాలి పుట్టినది రెండు సగములనుండియే గాని ఒక్కదానినుండి కాదు. దూరముగా నున్నపుడు నేల తిరుగుటకు సంబంధించిన కొరియాలిస్ పదమును, సుడి తానై తిరుగుటవలని వర్గపదమును ఒకదానికొకటి సాటివచ్చుచుండును. 30 కిలోమీటర్ల దగ్గర, 50 మీటర్ల వడిగల గాలియందు, వర్గపదము కొరియాలిస్ పదమునకు నలుబది రెట్లగును. సుడిని మొదలుపెట్టినది భూభ్రమణము. లోపల దానిని భయంకరము చేయునది ఆ సుడియే. భూమధ్యరేఖకు 5 డిగ్రీల దగ్గర ఇదే లెక్క వేసినచో మొదటి 6 మీటర్లు 2 మీటర్లకు లోబడును, రేఖమీద శూన్యమగును. అందువలననే సముద్రజలము ఎంత వెచ్చగా నున్నను ఆ పట్టీలో తుపానులు పుట్టుట మిక్కిలి అరుదు.